ఊ కొట్టేవాళ్లు లేని పరీక్ష

ఇంగ్లీషు టీచరు అనసూయ సంతకం పెట్టలేదు. కలం మూత తీసి, మళ్లీ పెట్టేసి, "రేపు కావేరి తాలూకు పెద్దవాళ్లను రానీండి సర్, అప్పుడు చూద్దాం" అని ఆ కాగితాన్ని హెడ్‌మాస్టరు వైపు జరిపి గదిలోంచి బయటపడింది. మనం ఆమెను ఆ గుమ్మంలో వదిలి వారమైంది గాని, చంద్రపూర్‌లో ఆ బడికి ఒక్క రాత్రే గడిచింది.

ఆ కాగితం సంగతి మరిచిపోయినవారికి మరోసారి చెబుతాను. పదో తరగతి యూనిట్ టెస్టులో ఇంగ్లీషు తప్పిన పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. ఆ పేర్లు బడి హాజరు పట్టీలోంచి కొట్టేసి, వాళ్లను బయటి అభ్యర్థులుగా బోర్డు పరీక్షకు పంపాలట. అలాంటివాళ్లు నింపే ఫారానిది పదిహేడో నంబరు. మరాఠీ మీడియం పిల్లల నోట అది 'సత్రా నంబర్' అయింది. ఒకరి మీద ఒకరికి కోపమొచ్చినప్పుడు తిట్టుకోవడానికి కూడా పనికొస్తోంది. తప్పేవాళ్లను ముందే గేటు దాటిస్తే, మిగిలినవాళ్లతో బడి ఫలితం నూటికి నూరు. ఆ అంకెను గోడ మీద రంగుతో రాయించాలని బడి కమిటీ సెక్రటరీ మనోహర్ సేట్ పట్టుదల.

ఆయన్ను ఒక్కడినీ తప్పుపట్టి లాభం లేదు. నాగపూర్ రోడ్డులో కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి వెలిసింది. పిల్లలు టైలు కట్టుకుని రిక్షాల్లో పోతుంటే చూసి తల్లిదండ్రుల మనసు ఆగడం లేదు. మిద్దెల మీద కేబుల్ టీవీ తీగలు, సందు సందుకూ 'ఇంగ్లిష్ క్లాసెస్' బోర్డులు. దేశంలోకి విదేశీ కంపెనీలు దిగుతున్నాయని, ఇంగ్లీషు రానివాడికి ఇక చప్రాసీ ఉద్యోగం కూడా దొరకదని మనోహర్ సేట్ ప్రతి మీటింగులోనూ ఉపన్యాసం ఇస్తున్నాడు. ఇచ్చేది మాత్రం మరాఠీలోనే.

ఆ పేర్లలో ఒకటి అనసూయ గొంతుకు అడ్డం పడింది. కావేరి. విరూర్ నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చే రైతు బిడ్డ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. కిటికీ పక్కన కూర్చుని, అనసూయ పాఠం చదువుతుంటే కళ్లు మూసుకుని వింటుంది. నిద్రపోతోందనుకుని మొదట్లో అనసూయ ఒకసారి సుద్దముక్క విసిరింది కూడా. అడిగినదానికి జవాబు చెప్పదు, అలాగని అల్లరీ చేయదు. అలాంటి పిల్లల్ని టీచర్లు త్వరగా మరిచిపోతారు.

టెస్టులో 'నేను చూసిన జాతర' మీద వ్యాసం అడిగారు. తరగతి మొత్తం ఒకే గైడు బట్టీపట్టి వచ్చింది. అందరూ ఒకే మేనమామ వెంట, ఒకే ఎర్ర బస్సెక్కి, ఒకే జాతరకు పోయి, ఒకే రంగులరాట్నం దగ్గర తప్పిపోయి, ఒకే పోలీసుకు దొరికారు. పాపం ఆ మేనమామ ఒక్కరోజులో ఎంతమందిని పోగొట్టుకున్నాడోనని అనసూయ నవ్వుకుంటూనే మార్కులు వేసింది. కావేరి కాగితం దగ్గరకొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. పైన ప్రశ్న నంబరు ఉంది, కింద ఏమీ లేదు. ఖాళీ పేజీకి మార్కులేసే అధికారం ఏ టీచరుకూ లేదు.

మర్నాడు పొద్దున ప్రార్థన కూడా కాకముందే ముగ్గురూ వచ్చేశారు. ముందు కావేరి తండ్రి ఆశన్న, భుజం మీద దస్తీ, చేతిలో మక్క కంకుల సంచి. వెనక ఆయన తల్లి బాలమ్మ. ఆ వెనక, గోడకు రాసుకుంటూ కావేరి. కళ్లు వాచి ఉన్నాయి.

ఆశన్న సంచిని హెడ్‌మాస్టరు బల్ల పక్కన ఆనించి మరాఠీలో నమస్కారం చెప్పాడు. అనసూయను చూశాక తెలుగులోకి దిగాడు.

"ఏమైంది మేడమ్? పోరి నిన్నటిసంది అన్నం ముడ్తలేదు. సత్రా నంబర్, సత్రా నంబర్ అనుకుంట ఏడుస్తది. గదేందో నాకు సమజ్ అయితలేదు."

"బడిలకెళ్లి పేరు తీసేస్తరన్నా," అంది అనసూయ. "ఇంట్లనే ఉండి చదువుకోవాలె. మార్చిల వచ్చి పరీక్ష రాయాలె."

ఆశన్న ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"బడిల పేరు లేకుంటే రైలు పాసెట్ల ఇస్తరు మేడమ్?"

అసలు సంగతి అదీ. విద్యార్థుల పాసు కావాలంటే బడి రాసిచ్చే సర్టిఫికెట్టు స్టేషన్లో చూపించాలి. పేరు కొట్టేస్తే సర్టిఫికెట్టు లేదు, సర్టిఫికెట్టు లేకపోతే పాసు లేదు, పాసు లేకపోతే చంద్రపూర్ లేదు. కమిటీ మీటింగులో నూటికి నూరు గురించి అంతసేపు మాట్లాడినవాళ్లలో ఒక్కరికీ విరూర్ నుంచి వచ్చే బండి గుర్తుకు రాలేదు. అనసూయకు కూడా రాలేదు.

"దినాం టికెట్ కొని పంపుడు నాతోని కాదు," అన్నాడు ఆశన్న. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. "ఇంట్లనే ఉంటది ఇగ. పత్తి చేన్ల పనికి మనుషులు దొరుకుతలేరు. తోల్కపోత."

కావేరి తల ఇంకా కిందికి దిగింది.

హెడ్‌మాస్టరు అనంతరావు చెడ్డవాడు కాదు. రిటైరవడానికి దగ్గర పడిన మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా గడప దాటాలని చూస్తున్నాడు. అద్దాలు తీసి తుడుచుకుంటూ, అలవాటైన మరాఠీలో అనసూయతో అన్నాడు.

"నేను కసాయివాణ్ని కాను మేడమ్. పిల్ల మొద్దు అని కూడా అనను. కాని సొంతంగా ఒక్క వాక్యం రాయలేని పిల్ల బోర్డు పరీక్షలో ఏం రాస్తుంది చెప్పండి. మధ్యాహ్నంలోగా సేట్ వస్తాడు, ఈ కాగితం తీసుకుపోతాడు. మీ సంతకం లేదని నన్ను నిలబెడతాడు."

బాలమ్మకు మరాఠీ అర్థమవుతుంది. సరిహద్దు ఊళ్లలో అర్థం కానివాళ్లు ఎవరు? ఆమె ఇంతసేపూ కొడుకు వెనక నిలబడి వింటోంది. ఇప్పుడు ముందుకొచ్చింది.

"ఎవలన్నరు రాదని? దినాం చెప్తది గద ఇంగ్లీష్ కత."

"ఏ కథ అవ్వా?" అంది అనసూయ.

"నువ్వు చెప్పిందే పంతులమ్మా. పొద్దుగూకి బండి దిగి వస్తదా, వచ్చి చాయ్ తాగుతదా, ఇగ నేను ఊకుంటనా? ఇయ్యాల మీ మేడమ్ ఏం కత చెప్పిందే అని అడుగుత. మా వాకిట్ల సగం వాడకట్టు కూసుంటది. రైల్వే గేటు కాడి భీమయ్య డ్యూటీ దిగి సక్కగ మా ఇంటికే వస్తడు. ఆ పడవ ముసలోని కతనైతే రెండుసార్లు చెప్పిచ్చుకున్నం."

అనసూయకు ఆ పాఠం గుర్తుంది. వానాకాలం మొదట్లో చెప్పింది. రేకుల మీద వాన చప్పుడుకు తన గొంతే తనకు వినబడలేదు. వెనక బెంచీలు ఆవులిస్తుంటే గబగబా ముగించి, గైడులోంచి సారాంశం రాయించేసింది. ఆ పాఠం అక్కడే చచ్చిపోయిందనుకుంది.

"ఒక ముసలోడు," అంది బాలమ్మ, చేతులతో నీళ్లు చూపిస్తూ. "సుట్టూ సముద్రం, నడుమ ఊరు. ఆ ఊరోళ్లకు పడవల ఉత్తరాలు తెస్తడు. ఒకనాడు మంచు దిగింది. గట్ల గిట్ల మంచు కాదు, తన చెయ్యి తనకే కనిపిస్తలేదు. ఒడ్డేదో తెల్వది. అప్పుడు ఊరోళ్లంత తాంబాళాలు, గంజులు, ఏది దొరికితే అది పట్కొని ఒడ్డుమీద నిలవడి కొట్టిండ్రు. ఆ సప్పుడు పట్కొని వచ్చిండు. వచ్చి ఏమన్నడో ఎర్కేనా? ఇన్నేండ్లు నేను మీకు ఉత్తరాలు తెచ్చిన, ఇయ్యాల మీరు నన్ను తెచ్చుకున్నరు, అన్నడు."

ఆ చివరి మాట దగ్గర అనసూయ చేయి బల్ల అంచును పట్టుకుంది.

అది పుస్తకంలో ఉంది. నిజంగానే ఉంది, పాఠం చివర, ముసలివాడి నోట ఒకే ఒక్క వాక్యం. కాని ఆ వాక్యాన్ని అనసూయ తరగతిలో వివరించలేదు. పరీక్షకు రాదని గైడు చెప్పింది కాబట్టి వదిలేసింది. ఇంగ్లీషులో ఒక్కసారి పైకి చదివింది, అంతే. మరాఠీలో చెప్పలేదు, తెలుగులో చెప్పలేదు. ఆ వాన చప్పుడులో, ఆవులింతల మధ్య, ఆ ఒక్క వాక్యాన్ని కళ్లు మూసుకున్న ఈ పిల్ల చెవితో పట్టుకుని, అర్థం చేసుకుని, బండెక్కించి విరూర్ తీసుకుపోయింది. అక్కడ గేటు భీమయ్య దాన్ని విన్నాడు.

"సర్, ఇది నేను చెప్పలేదు," అంది అనసూయ. "ఈ మాట పిల్ల సొంతంగా అర్థం చేసుకుంది."

అనంతరావు నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన ఉద్యోగంలో భాగం. "పుస్తకంలో పాఠం కదా మేడమ్, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు," అని లేచి బీరువా తెరిచాడు. ఏదో పాత ప్రశ్నపత్రాల కట్ట తీసి దుమ్ము దులిపాడు. వేరే రాష్ట్రపు బోర్డుది. మన పిల్లలెవరూ చూసి ఉండే అవకాశం లేదు. అందులోంచి ఒక పేరా చూసుకుని, కావేరిని కుర్చీలో కూర్చోమని చెప్పి, ఇంగ్లీషులో పైకి చదివాడు. చదవడం బాగానే చదివాడు, కాస్త మరాఠీ యాసలో. చదివి, కాగితం మూసి, "ఏం అర్థమైంది? ఏ భాషలోనైనా చెప్పు," అన్నాడు.

కావేరి పెదవులు కదిలాయి. మాట రాలేదు.

అందరూ చూస్తున్నారు. బయట ప్రార్థన మొదలైంది, ముగిసింది. పిల్లలు వరసల్లో తరగతులకు పోయే చప్పుడు కూడా అయిపోయింది. కావేరి రెండు చేతులతో కుర్చీని పట్టుకుని కూర్చునే ఉంది. ఆమె ముఖంలో తెలియనితనం లేదు. అది అనసూయకు స్పష్టంగా కనిపించింది. ఉన్నదాన్ని బయటికి తేలేని అవస్థ ఉంది.

"చూశారుగా," అన్నాడు అనంతరావు మెల్లగా.

"చెప్పు బిడ్డా," అన్నాడు ఆశన్న.

"మీరంత గోడల లెక్క మొకాలు పెట్టుకోని కూసుంటే ఎట్ల చెప్తది?" అంది బాలమ్మ. గొంతు గట్టిగానే వచ్చింది. "ఊ కొట్టేటోళ్లు ఉండాలె గద!"

అనసూయకు తన మంచిర్యాల ఇల్లు గుర్తొచ్చింది. అవును, ఊ కొట్టకుండా కథ ఎవరు చెబుతారు? తాను చిన్నప్పుడు వింటూ వింటూ కునుకు తీస్తే అమ్మమ్మ వెంటనే ఆపేసేది, రాకుమారుడు అడవిలో ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోయేవాడు. అంత తెలిసిన తాను, ఇన్నేళ్లుగా పిల్లల్ని నోరు మూసుకోమని, వాళ్లకేసి నోరు మూసుకుని చూస్తూ, జవాబు చెప్పమని అడుగుతోంది. బాలమ్మ మాటను హెడ్‌మాస్టరుకు మరాఠీలో ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుండగా, ఆయనే నోరు తెరిచాడు.

"కొట్టు అవ్వా. నువ్వే కొట్టు."

తెలుగు! అచ్చంగా విరూర్ వాళ్లు మాట్లాడే తెలుగు. అనసూయ తెల్లబోయింది. ఈ బడిలో చేరిన నాటి నుంచి ఆయన నోట తెలుగు ముక్క వినలేదు.

"ఏంది మేడమ్, గట్ల జూస్తున్నరు?" అన్నాడు అనంతరావు కొంచెం సిగ్గుపడుతూ. "రాజురాల పుట్టినోన్ని. మా గోడ అవుతల అంత మీ ఓళ్లే ఉండిరి." వెంటనే మళ్లీ మరాఠీలోకి, హెడ్‌మాస్టరు కుర్చీలోకి వెళ్లిపోయాడు.

బాలమ్మ మనవరాలి కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది. చెంగు సర్దుకుంది.

"ఊఁ," అంది.

కావేరి కళ్లు మూసుకుంది.

"ఇంగ్లండ్ల బొగ్గు గని ఉంటది అవ్వా."

"ఊఁ."

"అప్పుడు మిషిన్లు లేకుండె. బొగ్గు డబ్బాలు గుంజెతందుకు చిన్న గుర్రాలు ఉంటుండె. చిన్నగున్నప్పుడే భూమిలకు దించుతరు వాటిని. అండ్లనే కొట్టం, అండ్లనే మేత, అండ్లనే పని. ఎండ తెల్వది, వాన తెల్వది."

"అయ్యో. ఊఁ."

"యేడాదికోసారి గనికి సెలవిస్తరు. అప్పుడు వాటిని మీదికి తెస్తరు, పచ్చగడ్డి మైదానంల ఇడుస్తరు. ఉరుకుతయని అందరు వచ్చి నిలవడ్డరు సూసెతందుకు. అవి ఉరకలె. కండ్లు మూస్కొని ఒకదాన్నొకటి ఒరుసుకొని నిలవడ్డయ్. మన సుదర్శన్ మామ బల్లార్‌పూర్ గనిలకెళ్లి బయటికొచ్చినంక గట్లనే నిలవడ్తడు గద, కండ్ల మీద చెయ్యి పెట్టుకోని. గట్ల."

"ఊఁ, ఊఁ."

"అప్పుడు ఒక ముసలి గుర్రం తల దించింది. గడ్డికి ముక్కు ఆనిచ్చింది. తినలేదవ్వా, ఉట్టిగ వాసన జూసింది. శానసేపు జూసింది. అది చిన్నప్పటి వాసన. గుర్తుకొచ్చింది దానికి. అప్పుడు తల లేపి ఒక్కసారి ఉరికింది. అది ఉరికితే దాని ఎన్కల అన్నీ ఉరికినయ్."

అనంతరావు ప్రశ్నపత్రాన్ని మళ్లీ తెరిచి, వేలితో వరస వెంట వరస చూసుకుంటూ వచ్చాడు. వేలు పేరా చివర ఆగింది. ఏదీ పోలేదు. ఒక్క సుదర్శన్ మామ తప్ప ఏదీ కొత్తగా చేరలేదు. ఆయన అద్దాలు తీశాడు, ఈసారి తుడుచుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. పిల్ల విన్నది ఒక్కసారే. అదీ ఆయన యాసలో.

"బాగుంది," అన్నాడు చివరికి. గొంతు సరిచేసుకున్నాడు. "చాలా బాగుంది. కాని బోర్డు తెలుగులో అడగదు కదా మేడమ్."

అనసూయ బాలమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. ఇస్త్రీ చీర, టీచరు హోదా, ఎదురుగా హెడ్‌మాస్టరు, ఏవీ గుర్తులేవు.

"కావేరీ, గిదే కత ఇంగ్లీష్ల చెప్పు. తప్పులొస్తే రానీ. నేను ఊ కొడ్త."

కావేరి కళ్లు తెరిచి చూసింది. టీచరు తన కాళ్ల దగ్గర కూర్చోవడం ఆమె ఊహించలేదు. మళ్లీ మూసుకుంది.

"హార్స్... లివ్ ఇన్ డార్క్."

"ఊఁ," అంది అనసూయ.

"హీ వర్క్ ఇన్ డార్క్. హీ ఈట్ ఇన్ డార్క్."

"ఊఁ."

"హీ థింక్, డార్క్ ఈజ్ వరల్డ్."

ఊ కొట్టడం అనసూయకు చేతకాలేదు. చీకటే లోకమనుకుంటుంది ఆ గుర్రం! ఈ మాట ఆ పేరాలో లేదు. తాను కూడా విన్నది కదా, ఎక్కడా లేదు. ఏ గైడులోనూ ఉండదు. పత్తి చేలమధ్య పెరిగిన ఈ పిల్ల లోపల పుట్టి, ఇంగ్లీషులో బయటికొచ్చిన మాట అది. వ్యాకరణం చూస్తే వాక్యానికి రెండు తప్పులు. అయినా తన ఉద్యోగం మొత్తంలో, మరాఠీ మీడియం తరగతిలో, ఒక విద్యార్థి తనదైన ఇంగ్లీషు వాక్యం చెప్పగా వినడం ఇదే మొదలు. గుడి గంట దగ్గరగా మోగినప్పుడు గుండెలో ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకు. ఇంతకాలం ఇంత పక్కనే ఉంది ఇది, తాను సుద్దముక్క విసిరింది.

"ఊ కొట్టు పంతులమ్మా," అని బాలమ్మ మోచేత్తో పొడిచింది. "ఆగిపోతది."

"ఊఁ," అంది అనసూయ.

కథ చివరిదాకా నడిచింది. ముసలి గుర్రం గడ్డి వాసన చూసింది, ఇంగ్లీషులోనే. ఉరికింది, ఇంగ్లీషులోనే.

అనంతరావు కిటికీలోంచి గేటు వైపు చూశాడు. సేట్ వచ్చే వేళ దగ్గర పడుతోంది.

"రాయాలి మేడమ్," అన్నాడు. "నోటితో చెప్పినదానికి నేను దండం పెడతాను, బోర్డు మార్కులు వేయదు. ఇప్పుడే, లేబరేటరీ గదిలో కూర్చుని, ఇదే కథ ఇంగ్లీషులో రాయాలి. నేను కాపలా ఉంటాను. ఒక్క పేజీ రాసినా ఈ కాగితంలోంచి పేరు కొట్టేస్తాను, సేట్‌కు నేనే జవాబు చెప్పుకుంటాను. రాయలేకపోతే మీరు సంతకం పెట్టాలి."

"పెడతాను సర్."

"మీరు బయట ఉండాలి. లోపలికి చూడొచ్చు. నోరు మాత్రం తెరవకూడదు. ఊ కాదు, దగ్గు కూడా వినబడకూడదు. బోర్డు పరీక్ష హాల్లో ఊ కొట్టడానికి ఎవరూ ఉండరు కదా."

ఆయన చెప్పింది న్యాయమే. "మాటిస్తున్నాను," అంది అనసూయ.

లేబరేటరీలో పొడవాటి బల్లకు ఒక చివర కావేరి, మరో చివర అనంతరావు. ఆయన మరాఠీ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అనసూయ వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. కావేరి కాగితం మీద పేరు రాసింది. మొదటి వాక్యం రాసింది. అక్కడ ఆగింది.

కలం కాగితం మీద ఆనించే ఉంది. కదలడం లేదు. కావేరి తల పక్కకు వంచింది, ఏదో వినబడాలన్నట్టు. గదిలో పేపరు గరగర తప్ప చప్పుడు లేదు. యూనిట్ టెస్టు రోజున కూడా ఇలాగే కూర్చుని ఉంటుందని అనసూయకు అప్పుడు అర్థమైంది. ఆ ఖాళీ పేజీ నిండా కథ ఉంది. వినేవాళ్లు లేక రాలేదు.

మెట్ల మీద బాలమ్మ కొడుకుతో గొణుగుతోంది. "పోరిని ఒక్కదాన్ని మూలకు కూసోవెట్టిండ్రు. గట్లయితే ఎట్ల చెప్తదిరా?" ఆశన్న రైలు పాసు చొక్కా జేబులోంచి తీసి చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. కూతురి పాసు అది, ఈ నెలాఖరుదాకా ఉంది.

కావేరి కళ్లెత్తి కిటికీ వైపు చూసింది. టీచరు కళ్ల కోసం వెతికింది. అనసూయ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊ అనే అక్షరం గొంతులో నిలబడి ఉంది, అంత చిన్న అక్షరం ఇంత బరువుంటుందని ఆమెకెప్పుడూ తెలియదు. ఊ అంటే మాట తప్పినట్టు, పేరు పోయినట్టు. అనకపోయినా పేరు పోయినట్టే. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. గేటు దగ్గర సేట్ కారు ఆగిన చప్పుడైంది.

అప్పుడు వినబడింది.

"హూఁ."

చాలా మెల్లగా. తన నోట రాలేదు. మెట్ల మీదనుంచి రాలేదు. అనసూయ చటుక్కున లోపలికి తిరిగింది. అనంతరావు పేపరు దించలేదు, తల ఎత్తలేదు. పేపరు వెనకనుంచి, రాజురాలో గోడ అవతల వాకిట్లో కథలు విన్న పిల్లవాడి గొంతు మరోసారి వచ్చింది.

"హూఁ."

కావేరి ఒక్క క్షణం ఆ పేపరుకేసి నోరు తెరుచుకుని చూసింది. తర్వాత వంగింది. కలం కదిలింది. రెండో వాక్యం, మూడో వాక్యం. ఆగింది. హూఁ. మళ్లీ కదిలింది. ఎడమచేత్తో కాగితాన్ని నొక్కిపట్టుకుని, నాలుక కొస బయటపెట్టుకుని రాస్తోంది. ఇంగ్లీషు అలా ఒక పిల్ల చేతిలోంచి జాలువారడం అనసూయ చూస్తూ నిలబడిపోయింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని తోచలేదు. పెట్టిన షరతును పెట్టినవాడే తప్పాడు. అంతకంటే గొప్ప పని ఆ బడిలో ఎవరూ చేసి ఉండరనిపించింది ఆమెకు.

వెనక బూట్ల కిర్రుమనే చప్పుడు ఆమె వినలేదు. సెంటు వాసన వచ్చాకే తిరిగి చూసింది. భుజం పక్కనే మనోహర్ సేట్ నిలబడి, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఊచల్లోంచి లోపలికి చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"మేడమ్," అన్నాడు మరాఠీలో, చాలా మర్యాదగా. "పరీక్ష రాసే పిల్లకు హెడ్‌మాస్టరే సైగలు చేసే బడి అన్నమాట మనది?"

అనసూయ నోరు తెరిచేలోగా ఆయన తలుపు గడియ మీద చేయి వేశాడు. లోపల, పేపరు చాటున కూర్చుని ఏమీ ఎరగని అనంతరావు, ఈసారి కాస్త గట్టిగానే, "హూఁ" అన్నాడు.